గాలి వచ్చే వైపు

పెయ్ యువాన్‌తో అతని భార్య మాట్లాడటం మానేసి నలభై రోజులైంది.

అతను గాలినీ నీటినీ చూసి చోటు ఎంచే ఫెంగ్ షుయ్ విద్య తెలిసినవాడు. ఆ కొండప్రాంతంలో ఎవరింట్లో పెద్దవాళ్లు పోయినా, వాళ్లని ఎక్కడ పూడ్చాలో చూడమని అతన్నే పిలిచేవాళ్లు. వెనక ఎత్తైన కొండ ఆసరాగా ఉండాలి. ఎడమ పక్క డ్రాగన్‌లా సాగే గుట్ట, కుడి పక్క పులిలా ఒదిగి పడుకున్న గుట్ట ఉండాలి. ఎదురుగా నెమ్మదిగా పారే నీరుండాలి. అలాంటి చోట పెద్దవాళ్ల ఎముకలు సుఖంగా ఉంటాయనీ, ఆ సుఖం నేలలోంచి పిల్లలకీ మనవలకీ అందుతుందనీ అక్కడి వాళ్ల నమ్మకం.

ఆ చోటు కనిపెట్టే విద్య కోసం పెయ్ యువాన్ లియావ్ గురువు దగ్గర పదకొండేళ్లు చదువుకున్నాడు. గురువుగారి శిష్యులందరిలోకీ అతని చూపే పదునైనదని చెప్పుకునేవారు. అతనూ అలాగే అనుకునేవాడు.

ఆ యేడు చలి మొదలయ్యే ముందు, హువాంగ్ అనే పెద్ద భూస్వామి తల్లి పోయింది. ఆవిడకి చోటు చూడటానికి పెయ్ యువాన్ ఒక రోజు నడక దూరంలో ఉన్న కొండల్లోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. ఆరేళ్ల కూతురు ఆచింగ్ కనపడలేదు. జ్వరం వచ్చి నాలుగో రోజున పోయింది. అతను వచ్చే ముందు రోజే పూడ్చేశారు.

పసిపిల్లలు పోతే ఆ దేశంలో పెద్దకర్మలేమీ చేయరు. శవపేటిక ఉండదు. పేరు రాసిన పలక ఉండదు. ముసలి గావ్ అని ఒకడున్నాడు, అతన్ని పిలుస్తారు. అతను చాపలో చుట్టి భుజాన వేసుకుని వెళ్తాడు. తల్లిదండ్రులు వెంట వెళ్లకూడదు. ఎక్కడ పెట్టావని అడగకూడదు. అడిగితే ఆ బిడ్డ దారి మరిచి మళ్లీ ఇంటికే వస్తుందంటారు.

అతను వచ్చిన రోజు సాయంత్రం భార్య రూలాన్ అంది.

"దాన్ని ఎక్కడ పెట్టారో నాకు చెప్పలేదు."

"చెప్పరు. ఆచారం అలాంటిది."

"మీరు ఊరూరా తిరిగి అందరికీ చోటు చూసిపెట్టారు. మన పిల్లకి చూడరా?"

అప్పుడు పెయ్ యువాన్ ఒక మాట అన్నాడు. ఎవరో పరాయివాళ్లు వచ్చి అడిగితే చెప్పినట్టే చెప్పాడు.

"సమాధి చోటు చూసేది వెనక మిగిలిన సంతానం కోసం. దానికి సంతానం లేదు. పసిపిల్లలకి శాస్త్రంలో చోటు లేదు."

రూలాన్ అతని మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత లేచి లోపలికి వెళ్లింది.

ఆ రోజు నుంచి ఆమె మాట్లాడలేదు. వేళకి వండేది. గిన్నె అతని ముందు పెట్టి వెళ్లిపోయేది. పని లేనప్పుడు పెరట్లో నిలబడి కొండల వైపు చూసేది. ఏ కొండ వైపు చూడాలో తెలియదు కనక అన్ని కొండల వైపూ చూసేది.

నలభయ్యో రోజున పెయ్ యువాన్ గురువు దగ్గరికి బయల్దేరాడు.

లియావ్ గురువుకి డెబ్బై దాటాయి. ఎడమ కంటికి చూపు ఆనడం లేదు. పెయ్ యువాన్ వెళ్లేసరికి ఆయన గుమ్మం ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ముల్లంగి దుంపలు చక్రాలుగా కోసి, ఎండబెట్టడానికి వెదురు తట్టలో పరుస్తున్నాడు.

"గురువుగారూ, ఒక సందేహం వచ్చింది."

"కూర్చో. ఇంకో కత్తి అక్కడుంది."

పెయ్ యువాన్ కూర్చుని తనూ ముల్లంగి కోయడం మొదలుపెట్టాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న ప్రశ్న అడిగాడు.

"వంశం లేని మనిషికి మంచి చోటు చూసి సమాధి కడితే, ఆ మేలు ఎవరికి అందుతుంది? నేను చదివిన ఏ గ్రంథంలోనూ దీని గురించి లేదు."

"ఎవరు పోయారు?"

"శాస్త్రం తెలుసుకుందామని అడుగుతున్నాను."

"ఎవరు పోయారు, యువాన్?"

పెయ్ యువాన్ చేతిలో కత్తి ఆగింది.

"ఒక పిల్ల."

"ఎవరి పిల్ల?"

ముల్లంగి తట్ట మీద ఒక ఈగ వాలింది. అతను దాన్ని తోలాడు. అది మళ్లీ వాలింది.

"నా పిల్ల," అన్నాడు.

గురువు చేతిలో కత్తి కింద పెట్టాడు.

"పేరు?"

పెయ్ యువాన్ నోరు తెరిచాడు. పేరు రాలేదు. నలభై రోజులుగా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

"ఆచింగ్."

"ఆచింగ్," అన్నాడు గురువు. లోపలి గదిలో ఆడుకుంటున్న పిల్లని పిలిచినట్టు అన్నాడు. తొట్టిలో చేతులు కడుక్కుని, దూది కుట్టిన పాత కోటు తొడుక్కున్నాడు. దిక్సూచి ఉన్న సంచీ కొయ్యకి వేలాడుతోంది. దాని వైపు చూడలేదు.

"పద."

"ఎక్కడికి?"

"ఆచింగ్ దగ్గరికి."

"ఎక్కడుందో నాకు తెలియదు గురువుగారూ."

"తెలిసినవాళ్లని అడుగుదాం."

కోయని ముల్లంగి దుంపలు అలాగే కుప్పగా ఉన్నాయి. పెయ్ యువాన్ వాటి వైపు చూశాడు. గురువు అప్పటికే వాకిలి దాటాడు.

ముసలాయన మెల్లగా నడిచాడు. ఎత్తు వచ్చినచోటల్లా ఆగాడు. ఏమీ మాట్లాడకుండా నడవడం పెయ్ యువాన్‌కి కష్టమైంది. హువాంగ్ వాళ్ల తల్లికి తను చూసిన చోటు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మూడు కొండలు ఒకదాని వెనక ఒకటి మెట్లలా దిగి వచ్చి సరిగ్గా అక్కడ ఆగాయనీ, ఎదురుగా వాగు విల్లులా వంగిందనీ, నేల మట్టి పసుపుపచ్చగా, పట్టుకుంటే పిండిలా ఉందనీ చెప్పాడు. అంత నిండైన చోటు తన జన్మలో చూడలేదన్నాడు.

గురువు విని అడిగాడు.

"ఆవిడ ఎలాంటి మనిషి?"

"ఎవరు?"

"అక్కడ పడుకున్నావిడ."

"తెలియదు గురువుగారూ. ఎనభై ఒక్క ఏళ్లని చెప్పారు. పుట్టిన ఘడియ రాసిచ్చారు."

గురువు తల ఊపాడు. మరి కాస్త దూరం నడిచాక మళ్లీ అడిగాడు.

"ఆచింగ్ ఎలాంటి పిల్ల?"

పెయ్ యువాన్ వెంటనే చెప్పలేకపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది. తను లేనప్పుడు ఆచింగ్ దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకుని గిరగిరా తిరిగేది. ఒకసారి పట్టుబడింది. "నాన్నా, సూదికి నేనంటే భయం. నేను ఎటు తిరిగినా అది నా నుంచి తప్పించుకుని పారిపోతోంది," అంది. ఖరీదైన వస్తువు పాడుచేస్తావా అని తను కోప్పడ్డాడు. ఆ తర్వాత ఆ పిల్ల దాన్ని ముట్టుకోలేదు.

అది చెప్పాడు. చెబుతూ చెబుతూ దారిలో ఆగిపోయాడు.

"గురువుగారూ, కబురు అందింది."

గురువూ ఆగాడు.

"జ్వరం వచ్చిన రెండో రోజునే రూలాన్ పక్కింటి చెంగ్‌ని నా దగ్గరికి పంపింది. సాయంత్రానికల్లా వచ్చి చెప్పాడు, పిల్లకి బాగా లేదని. మర్నాడు మధ్యాహ్నం ఎండలో నీడ కొలిచి దిక్కు సరిచూసుకోవాలి. అదొక్కటే మిగిలింది. అది చూసుకుని వచ్చేస్తానని చెప్పి పంపాను. మర్నాడు మబ్బు పట్టింది. ఇంత కష్టపడి దిక్కు గీత కాస్త తేడాగా వదిలెయ్యడం ఎందుకని ఇంకో రోజు ఆగాను. ఆ రోజు ఎండ కాసింది."

అతను దారిలో ఉన్న రాయిని కాలితో పక్కకి నెట్టాడు.

"కబురు నాకు అందలేదని రూలాన్‌తో చెప్పాను. చెంగ్ కొండల్లో నన్ను వెతకలేకపోయి ఉంటాడన్నాను."

గురువు అతని వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు.

"ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు."

మళ్లీ నడిచాడు.

ముసలి గావ్ ఇల్లు ఊరికి దూరంగా, సున్నపు బట్టీ పక్కన ఉంది. అతను బుట్ట అల్లుకుంటున్నాడు. పెయ్ యువాన్‌ని చూసి లేచి నిలబడ్డాడు. ఎందుకొచ్చారో అతనికి అర్థమైంది.

"అయ్యా, తండ్రికి చెప్పకూడదు. ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు," అన్నాడు గురువుతో.

"అతనికి చెప్పొద్దు. నాకు చూపించు. నా వెనక ఎవరు నడుస్తారో నేను చూడను, నువ్వూ చూడకు."

గావ్ కాసేపు ఆలోచించాడు. బుట్ట పక్కన పెట్టి, పార భుజాన వేసుకున్నాడు.

బట్టీ వెనక కొండ ఎక్కారు. ఎండ పడని వైపు అది. చెట్లన్నీ బట్టీ కోసం ఎప్పుడో కొట్టేశారు. మొద్దులు మిగిలాయి. నేలంతా గులకరాళ్లు. మధ్యమధ్య చేటంత, చేటన్నరంత మట్టిదిబ్బలు కనిపించాయి. కొన్ని కుంగిపోయాయి, కొన్నిటి మీద గడ్డి మొలిచింది. గావ్ ఒక్కో దిబ్బనీ తొక్కకుండా పక్కనుంచి నడుస్తూ, ఒక చోట ఆగాడు.

"ఇది," అన్నాడు. అని తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆ దిబ్బ మీద మట్టి ఇంకా కొత్తగానే ఉంది. గడ్డిపోచల గుంపు ఒకటి మొలిచి గాలికి నేలకి అంటుకుపోయి ఉంది.

పెయ్ యువాన్ ముందు కొండలకేసి చూశాడు. వద్దనుకున్నా అతని కళ్లు అతని పని అవే చేసుకుపోయాయి. గొంతు కూడా పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"వెనక ఆసరా లేదు. శిఖరం పక్కకి ఒరిగిపోయింది. ఎడమ గుట్టని బట్టీవాళ్లు తవ్వి విరిచేశారు. కుడి గుట్ట మరీ ఎత్తు, మీద పడుతున్నట్టుంది. ఎదర నీరు లేదు. రెండు కొండల మధ్య సందులోంచి ఉత్తరపు గాలి తిన్నగా ఇటే కొడుతుంది. నేలలో రాళ్లు, ఎండ పడదు, చెమ్మ పోదు."

ఆగాడు. 

"నేను చూసినవాటిలో ఇంతకంటే చెడ్డ చోటు లేదు."

ఆ మాట అని మోకాళ్ల మీద కూలబడ్డాడు. తర్వాత గబుక్కున గావ్ వైపు తిరిగాడు.

"తీసి ఇంకో చోట పెడదాం. దక్షిణం కొండ మీద ఒక చోటు చూసి ఉంచాను, ఎవరికీ చెప్పలేదు. నా కోసం, నా తర్వాతివాళ్ల కోసం దాచుకున్నాను. అక్కడ పెడదాం. ఈ రోజే తవ్వు. ఏమడిగినా ఇస్తాను."

గావ్ పార మీదున్న చెయ్యి తీసేశాడు.

"వద్దు బాబూ."

"ఎందుకు?"

"చాపలోనే పెట్టాను. నలభై రోజులైంది. మీరన్నట్టు చెమ్మ నేల." అతను మాట కోసం వెతుక్కున్నాడు. "ఇప్పుడు తీస్తే మీ మనసులో ఉన్న గుర్తు పోతుంది. ఆ పిల్ల మొహం మీకు ఎలా గుర్తుందో అలాగే ఉండనివ్వండి."

 సందులోంచి గాలి వచ్చి, చెట్ల మొద్దుల మధ్య నుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది.

లియావ్ గురువు దిబ్బ చుట్టూ మెల్లగా ఒకసారి నడిచాడు. ఆగి, మొహం పైకెత్తి, చూపున్న కన్ను కూడా మూసుకుని నిలబడ్డాడు. తర్వాత ఉత్తరం వైపుకి వెళ్లి, సందుకి వీపు పెట్టి, దిబ్బకి బాగా దగ్గరగా నేల మీద కూర్చున్నాడు. కోటు రెండు అంచులూ పట్టుకుని పక్కలకి చాపాడు.

"గురువుగారూ, ఏం చేస్తున్నారు?"

"గాలి ఇటు నుంచి వస్తోంది," అన్నాడు గురువు.

అంతే. అలాగే కూర్చున్నాడు.

పెయ్ యువాన్ చూస్తూ ఉండిపోయాడు. గాలి ముసలాయన వీపుకి తగిలి, కోటుని ఉబ్బించి, ఆయన తెల్లజుట్టుని ముందుకి తోసింది. దిబ్బ మీద నేలకి అంటుకుపోయిన గడ్డిపోచలు కాసేపటికి ఒకటొకటిగా లేచి నిలబడ్డాయి.

అతను గడ్డినే చూశాడు. పదకొండేళ్లు చదివిన పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా అతనికి గుర్తు రాలేదు. నలభై రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్దగా, సిగ్గు లేకుండా, నేల మీద చేతులాన్చి ఏడ్చాడు. గావ్ దూరంగా జరిగి నిలబడ్డాడు. గురువు కదలలేదు. ఓదార్చలేదు.

ఏడుపు ఆగాక పెయ్ యువాన్ లేచాడు. పక్కనున్న రాయి ఒకటి ఎత్తి తెచ్చి గురువు వెనకాల పెట్టాడు. ఇంకోటి తెచ్చాడు. మూడోది చాలా బరువుగా ఉంది. గావ్ వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు.

ఇద్దరూ పొద్దు వాలేదాకా రాళ్లు మోశారు. అర్ధచంద్రంలా ఒక గోడ పేర్చారు. సందుల్లో మట్టి కూరారు. గావ్‌కి ఈ పని కొత్త కాదు గాని, పిల్లల దిబ్బ దగ్గర గోడ కట్టడం అతనికి అదే మొదలు. మాటిమాటికీ అటూ ఇటూ చూసుకున్నాడు, ఎవరన్నా చూస్తే ఏమంటారో అన్నట్టు. తర్వాత అదీ మానేశాడు.

గోడ తన భుజాల కంటే ఎత్తు వచ్చేదాకా లియావ్ గురువు అక్కడి నుంచి లేవలేదు. లేచినప్పుడు కాళ్లు పట్టేశాయి. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కొండ దింపారు. దారంతా దగ్గుతూనే ఉన్నాడు.

ఆ పూట గురువు పెయ్ యువాన్ ఇంట్లోనే ఉన్నాడు. రూలాన్ ఆయనకి వేడి గంజి, ఊరేసిన ఆవకూర పెట్టింది. భర్త చేతులు రాళ్లు కోసుకుని రక్తం కారడం చూసింది. ఏమిటని అడగలేదు. గుడ్డ తెచ్చి పక్కన పెట్టింది.

గంజి తాగడం అయ్యాక గురువు అన్నాడు.

"అమ్మా, రేపు పొద్దున మాతో రావాలి."

"ఎక్కడికండీ?"

"ఆచింగ్ దగ్గరికి."

ఆ పేరు విని ఆమె గోడ పట్టుకుంది. గురువు మొహమూ భర్త మొహమూ మార్చి మార్చి చూసింది. తల ఊపి, ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు వాళ్లు లేచేసరికి ఆమె తల దువ్వుకుని, బయటికి వెళ్లే బట్టలు కట్టుకుని, అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

కొండ మీద గావ్ వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు. రూలాన్‌ని చూసి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె గోడ చూసింది. గోడ ఒడిలో ఉన్న చిన్న దిబ్బ చూసింది. ముందుకి వెళ్లలేదు. గురువు వైపు తిరిగింది.

"మంచి చోటేనా అండీ?"

పెయ్ యువాన్ గురువు మొహం వైపు చూశాడు. ఒక్క మాట చెబితే చాలు, ఈమె మనసు కుదుటపడుతుంది. గురువుగారు చెప్పిన మాటని ఎవరూ కాదనరు. చెబుతాడనే అనుకున్నాడు.

"కాదమ్మా," అన్నాడు గురువు. "చెడ్డ చోటు. మంచి చోటైతే ఎవరూ రాకపోయినా దాని మానాన అది చూసుకుంటుంది. ఇక్కడికి మీరిద్దరూ వస్తూ ఉండాలి."

రూలాన్ ఆ మాట వింది. తర్వాత గోడ లోపలికి వెళ్లి దిబ్బ పక్కన కూర్చుంది. ఒక అరచెయ్యి మట్టి మీద ఆనించి ఉంచింది.

గురువు గావ్ భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ బట్టీ వైపు దిగిపోయారు.

పెయ్ యువాన్ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. గోడకి ఆవల గాలి వీస్తోంది. ఈవల నిశ్శబ్దంగా ఉంది. చాలాసేపటి తర్వాత రూలాన్ మాట్లాడింది. నలభై రోజులు అతనితో మాట్లాడని గొంతు బొంగురుగా ఉంది.

"మొదటి రోజు సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది. చలిగాలికి తిరిగిందని కోప్పడ్డాను. వేణ్నీళ్లు కాచి ఒళ్లు తుడిచాను."

అతను విన్నాడు.

"రెండో రోజు కళ్లు ఎర్రబడ్డాయి. నాన్న ఏ కొండ మీద ఉన్నాడని అడిగింది. నాకేం తెలుసు. ఎత్తుకుని గుమ్మంలోకి తీసుకొచ్చి, కనపడిన కొండ చూపించి అదే అన్నాను. చెయ్యి ఊపింది."

ఆమె చేతి కింద మట్టి కొంచెం కుంగింది. సరిచేసింది.

"అప్పుడే చెంగ్‌ని పంపాను. మూడో రోజు పొద్దున కాస్త తేరుకుంది. వేయించిన గుమ్మడి గింజలు కావాలంది. ఒలిచి ఇచ్చాను. రెండు తింది. నాన్న వచ్చాక ఇద్దామని మిగతావి జేబులో వేసుకుంది. చీకటి పడేదాకా తలుపు వెయ్యనివ్వలేదు."

అక్కడ ఆగిపోయింది. 

పెయ్ యువాన్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"రూలాన్."

ఆమె తల తిప్పలేదు.

"కబురు అందింది. రెండో రోజు సాయంత్రానికే అందింది. ఎండ కోసం ఆగాను. రెండు రోజులు ఆగాను. నీతో అబద్ధం చెప్పాను."

చెప్పి తల వంచుకున్నాడు. ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

రూలాన్ లేవలేదు.

"తెలుసు," అంది. "చెంగ్ తిరిగొచ్చి చెప్పాడు."

"నువ్వు నన్నేమీ అడగలేదు."

"మీ అంతట మీరు ఎప్పుడు చెబుతారా అని చూశాను."

కింద బట్టీ దగ్గర ముసలాయన దగ్గు వినిపించింది. తర్వాత అదీ ఆగింది. రూలాన్ అరచేతికి అంటిన మట్టిని రెండో చేత్తో తుడుచుకుంది. భర్త కోసుకుపోయిన చేతిని ఒకసారి చూసి, తన ఒళ్లోకి తీసుకుని పెట్టుకుంది.

అప్పుడు నాలుగో రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది.